గోడ ఆరేదాకా ఆగండి

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో డ్రాయింగ్ టీచర్ని. ఆసుపత్రిలో మానసిక వైద్యం తీసుకుంటున్న 16 నుంచి 22 ఏళ్ళ పిల్లలు తొమ్మిది మందితో ఒక పెద్ద గోడ మీద బొమ్మ వేయించమని అక్కడి కౌన్సెలరమ్మ అడిగారు. కొందరికి డిప్రెషన్, ఇద్దరికి బైపోలార్ (ఒకప్పుడు అతి హుషారు, ఒకప్పుడు దిగులు), ఒకబ్బాయి సైకోసిస్ (లేని గొంతులు వినబడే, లేని భయాలు పట్టుకునే జబ్బు) నుంచి తేరుకుంటున్నాడు. తెలుగిళ్ళ పిల్లలు, ఒడియా ఇళ్ళ పిల్లలు, ఒక సవర గిరిజన అమ్మాయి ఉన్నారు. గోడ పొడవు 24 అడుగులు, ఎత్తు 8. పాత సున్నం గోడ, అడుగున చెమ్మ ఉంది. చేతిలో 18 వేల రూపాయలు ఉన్నాయి. సవర బొమ్మలు వేస్తే బాగుంటుందని అందరూ అంటున్నారు. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కాబట్టి ఆ రోజుకి అయిపోవాలని పైవాళ్ళ మాట. అసలిది వైద్యమేనా, ఉత్త కాలక్షేపమా? ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?
— ఒక టీచర్, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం:

టీచరు గారూ,

ముందు అక్టోబరు 10 సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ తేదీకి మీ గోడ ఆరదు. వానాకాలమంతా నీళ్ళు పీల్చిన పాత గోడకి, వానలు తగ్గాక ఇంకో మూడు నాలుగు వారాల పొడి గాలి కావాలి. పైగా అక్టోబరు మన వైపు తుపాన్ల నెల. ఫైలిన్ 2013లో అక్టోబరు 12న, తిత్లీ 2018లో అక్టోబరు 11న తీరం దాటాయి. తడి గోడ మీద వేసిన రంగు మొదటి నెల బాగానే కనిపిస్తుంది. తర్వాత పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది. మామూలు గోడైతే మళ్ళీ వేసుకుంటాం, పోయిందేమీ లేదు. ఇక్కడ మాత్రం "నేనేం చేసినా ఇంతే" అనుకునే పిల్ల, తన బొమ్మ రాలిపోవడం చూసుకుంటూ నెలనెలా మందులకి ఆ దారినే రావాలి. పైవాళ్ళకి ఈ మాటే చెప్పండి. అక్టోబరు 10న ఏదో ఒకటి చూపించక తప్పదంటే పిల్లలు కాగితాల మీద వేసిన నమూనాలు పెట్టండి, అదీ వాళ్ళు ఒప్పుకుంటేనే, పేర్లు లేకుండా. గోడ పని నవంబరు మధ్యలో మొదలుపెట్టి సంక్రాంతి లోపు ముగించండి. పండగ దాటితే మెట్రిక్, ప్లస్ టూ పరీక్షల గోల మొదలై సగం మంది రారు.

ఇక వైద్యమేనా అన్న ప్రశ్న. స్కిజోఫ్రెనియా (సైకోసిస్ తరహా జబ్బు) ఉన్న 417 మందితో బ్రిటన్‌లో జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. కొందరికి మామూలు వైద్యంతో పాటు వారానికొకసారి గంటన్నర చొప్పున ఏడాది పాటు బృందంగా ఆర్ట్ థెరపీ ఇచ్చారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళతో పోలిస్తే వీళ్ళకి జబ్బు లక్షణాలు అదనంగా తగ్గింది లేదు. పిలిచినవాళ్ళలో చాలామంది సరిగా రానేలేదు కూడా. మరోపక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయని చెప్పింది. ఈ రెండింటికీ పేచీ లేదు. బొమ్మ వేస్తే చెవిలో వినబడే గొంతులు ఆగవు, మందు మానెయ్యడానికి వీల్లేదు. కానీ మధ్యాహ్నం దాకా మంచం దిగని పిల్లకి మంగళవారం మూడింటికి వెళ్ళాల్సిన చోటు ఒకటుంటుంది. అక్కడ చేతికి ఒక పని, పక్కన మాట్లాడమని ఒత్తిడి చెయ్యని మనుషులు ఉంటారు. చిన్న పనులు వేళకి చేస్తూ పోవాలని డిప్రెషన్‌కి కౌన్సెలర్లు చెప్పే పద్ధతి ఇదే. గోడకి ఇంకో సుగుణం కూడా ఉంది. తప్పు పడితే రెండు గంటల్లో ఆరుతుంది, దాని మీద ఇంకో పూత వేసుకోవచ్చు. కాగితం మీద ఆ సౌకర్యం ఉండదు.

అందుకని దీనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టకండి. ఆ పేరు పెడితే బొమ్మ చూసి మనసులో ఏముందో చెప్పాలని మీకు, చెప్తారేమోనని పిల్లలకి గుబులు పుడుతుంది. నల్లరంగు ఎక్కువ వాడితే దిగులనీ, ఎరుపు వాడితే కోపమనీ అర్థాలు తియ్యకండి. అది జాతకం చెప్పడమే అవుతుంది. "గోడ పని" అంటే చాలు. మీరు రంగుల సంగతి చూసుకోండి, మనుషుల సంగతి కౌన్సెలరమ్మ చూసుకుంటారు. ఆవిడ రాలేని రోజు సెషన్ ఉండకూడదు. తొమ్మిది మందికి కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. వాళ్ళలో ఒకరు కుంచె పట్టకుండా పిల్లల్నే గమనిస్తూ ఉండాలి.

గోడ. మీ 18 వేలలో సగం దీనికే పోతుంది, గొణక్కండి. ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ ముక్క తీసుకుని గోడకి నాలుగు అంచులా టేపుతో గట్టిగా అతికించి ఒక రోజంతా వదిలెయ్యండి. అడుగున ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి పెట్టండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలుంటే ఇంకా ఆరలేదని అర్థం. ఆరిందని తేలాక పాత సున్నం మొత్తం గీకించాలి. సున్నం మీద ప్రైమర్ వేస్తే ప్రైమర్ సున్నాన్ని పట్టుకుంటుంది గానీ సున్నం గోడని పట్టుకోదు, రెండూ కలిసే ఊడతాయి. గీకాక పారదర్శకమైన టేపు అతికించి ఒక్కసారిగా లాగండి. తెల్ల పొడి అంటుకొస్తే మళ్ళీ వైర్ బ్రష్ పట్టాల్సిందే. గీకుడు పని పెయింటర్ చేస్తాడు, పిల్లలతో చేయించొద్దు. దుమ్ము, బ్లేడు రెండూ ఉంటాయి అందులో. పాత గోడ మీద ఎనామెల్ (నూనె రంగు) పూత కనిపిస్తే పొడిగా గీకనివ్వకండి. పాత ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, నీళ్ళు చల్లుతూ గీకాలి. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నియమం 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. కాబట్టి ఎవరైనా అటక మీది పాత డబ్బాలు విరాళంగా ఇస్తామంటే దండం పెట్టి వద్దనండి.

గీకి, కడిగి, నాలుగు రోజులు ఆరబెట్టి, పగుళ్ళు పూడ్చాక బయటి గోడల ప్రైమర్ ఒక పూత. పూడ్చడానికి కొత్త సిమెంటు వాడితే ఆ చోటు 28 రోజులు ఆరాలి, లేకపోతే సిమెంటులోని క్షారం రంగుని తినేస్తుంది. అంత వ్యవధి లేకపోతే బయటి గోడలకి వాడే యాక్రిలిక్ పుట్టీ కొనండి. మీ గోడ 192 చదరపు అడుగులు. లీటరు ప్రైమర్ ఒక పూతకి సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది. గరుకు గోడ ఎక్కువ తాగుతుంది కాబట్టి మూడు లీటర్లు పెట్టుకోండి. దాని మీద తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకి వేసే, నీళ్ళతో కలిపే రంగు) రెండు పూతలకి నాలుగు లీటర్లు, రంగులు కలుపుకోవడానికి ఇంకో నాలుగు లీటర్లు. లేత రంగులు తెలుపులో స్టెయినర్ (బుడ్డిలో వచ్చే చిక్కటి రంగు) కలిపి చేసుకోవచ్చు. అయితే లీటరుకి 30 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. ముదురు రంగు కావాలని బుడ్డి మొత్తం ఒంపేస్తే పూత ఎన్నాళ్ళైనా జిడ్డుగానే ఉంటుంది, వానకి కారుతుంది. ముదురు ఎరుపు, పసుపు, నీలం, నలుపు లీటరు చొప్పున దుకాణంలో కలిపించిన డబ్బాలే కొనండి. ఎరుపు, పసుపు మాత్రం ఆక్సైడ్ రంగులు అడగండి, అంటే ఇటుక ఎరుపు, పచ్చమట్టి పసుపు. మెరిసే ఎరుపులు ఎండకి రెండేళ్ళలో వెలిసిపోతాయి. ఆక్సైడ్ రంగులు ఎండకీ సున్నానికీ తట్టుకుంటాయి.

ఏ రంగైనా కావలసినంతా ఒకేసారి కలిపి, మూత పెట్టే డబ్బాలో పొయ్యండి. రెండోసారి కలిపింది మొదటిదానితో ఎప్పుడూ కలవదు. ఆ చిన్న తేడా మీ కంటికి ఆనదు. అతిగా సరిచూసుకునే పిల్లకి మాత్రం అదే కనిపిస్తుంది, ఆ పూటంతా దాన్నే దిద్దుతూ కూర్చుంటుంది.

అడుగున చెమ్మ ఉందన్నారు. కింది నుంచి ఒకటిన్నర అడుగు బొమ్మకి వాడకండి. ఇళ్ళ గోడల అడుగున జాజుపట్టీ వేసినట్టు అక్కడ ఇటుక ఎరుపు పట్టీ వెయ్యండి. ఉప్పు పొంగినా, వాన చిందినా ఆ పట్టీ ఒక్కటే ఏటేటా పూసుకోవచ్చు, పిల్లల బొమ్మని ముట్టుకోనక్కర్లేదు.

సవర బొమ్మల సంగతి కొంచెం ఆగి ఆలోచించాలి. ఒడిశా వైపు ఇడితాల్ అనీ ఆంధ్ర వైపు ఎడిసింగ్ అనీ పిలిచే ఆ బొమ్మ అలంకారం కోసం పుట్టింది కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, కాన్పు సుఖంగా కావాలన్నప్పుడు, పోయినవాళ్ళని తలుచుకోవడానికి, పంట కోసం, ఎర్రమట్టి అలికిన లోపలి గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. దేవతల్ని, పెద్దల్ని అక్కడికి పిలిచే బొమ్మ అది. దాన్ని ఆసుపత్రి గోడ మీద వేసి, దెయ్యం పట్టిందన్న మాట పడి వచ్చిన పిల్లవాణ్ణి ముందు నిలబెడితే వాడి తలలో ఏం తిరుగుతుందో ఊహించండి. ఇక ఆ సవర అమ్మాయి. అందరూ "నీకు వచ్చు కదమ్మా, నువ్వు నేర్పు" అంటారు. తనకి రాకపోవచ్చు, ఇష్టం లేకపోవచ్చు. తన ఇంట్లో అది ఎవరు పడితే వాళ్ళు వేసేది కాకపోవచ్చు. తను అడిగితే తప్ప ఆ మాట ఎత్తకండి. అంతగా సవర బొమ్మే కావాలంటే వేసే పెద్దల్ని పిలిచి, డబ్బులిచ్చి, ఏది వెయ్యొచ్చో ఏది వెయ్యకూడదో వాళ్ళనే చెప్పమనండి. అది ఇంకో గోడ, ఇంకో పని. ఇందులో కలపొద్దు.

మా సలహా అడిగితే రైలు బొమ్మ వెయ్యండి. నౌపడ నుంచి 1900లో పర్లాకిమిడికి వచ్చి, ఆ తర్వాత గుణుపురం దాకా వెళ్ళిన చిన్న రైలు 2004 వరకు నడిచింది. తెలుగువాళ్ళకీ ఒడియావాళ్ళకీ సవరలకీ అది ఉమ్మడి సొత్తు. ఆ పిల్లలు ఎక్కి ఉండరు గానీ ఇంట్లో ఎవరో ఒకరు దాని కబుర్లు చెప్పే ఉంటారు. రైలు బొమ్మ మీకు పని పంచిపెట్టే చిక్కు కూడా తీరుస్తుంది. లెక్క చూడండి. 24 అడుగులంటే 288 అంగుళాలు. ఇంజనుకి 36. పెట్టెలు పది, ఒక్కోటి 21 అంగుళాల వెడల్పు, మొత్తం 210. మధ్య సందులు పది, నాలుగేసి అంగుళాల చొప్పున 40. మొత్తం 286, రెండంగుళాలు మిగుల్తుంది. కింది జాజుపట్టీ పైన అర అడుగు పట్టాలు, గడ్డి. దాని మీద రెండున్నర అడుగుల ఎత్తు పెట్టెలు. అంటే నేల నుంచి రెండడుగుల దగ్గర మొదలై నాలుగున్నర దగ్గర ముగుస్తాయి, స్టూలు మీద కూర్చునీ వెయ్యొచ్చు, నిలబడీ వెయ్యొచ్చు. ఆ పైన అర అడుగు మేర మహేంద్రగిరి కొండల వరస, మిగిలిన మూడడుగులు ఆకాశం. ఆకాశం 72 చదరపు అడుగులు, దానికి రెండు లీటర్ల లేత నీలం కలిపి పెయింటర్ చేత రోలర్‌తో ముందే వేయించెయ్యండి. పిల్లలెవరూ నిచ్చెన ఎక్కకూడదు. సైకోసిస్‌కి ఇచ్చే మందుల్లో కొన్ని, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరిగేలా చేస్తాయి. పెద్ద పెయింటర్లు వాడే పరంజా మీద అది మీరు చూడకూడని దృశ్యం.

తొమ్మిది మందికి తొమ్మిది పెట్టెలు. తన పెట్టె లోపల ఏం వేసుకున్నా తన ఇష్టం. పదోది ఎవరిదీ కాదు. ఇంజను, కొండలు, పట్టాలు అందరివీ. ఒకరు రెండు వారాలు రాకపోతే వాళ్ళ పెట్టెని ఇంకొకరు నింపకూడదు, ప్రైమర్ తెలుపుతో అలాగే ఉండాలి. తిరిగొచ్చినప్పుడు తన చోటు తనకి ఉందని చూస్తారు. ఇక రారని తేలితే, వాళ్ళని అడిగి, అది కిటికీలు మాత్రమే ఉన్న పెట్టెగా పూర్తి చెయ్యండి. మధ్యలో కొత్తగా చేరినవాళ్ళకి పదోది ఇవ్వండి. బయటికి రావడానికే భయపడే పిల్ల ఉంటే 21 బై 30 అంగుళాల సిమెంటు బోర్డు కోయించి, ప్రైమర్ వేసి గదిలోనే వెయ్యనివ్వండి, చివర్లో స్క్రూలతో గోడకి బిగించొచ్చు. ఫిలడెల్ఫియాలో నగర మానసిక ఆరోగ్య శాఖతో కలిసి గోడబొమ్మలు వేసేవాళ్ళు బొమ్మని పల్చని గుడ్డ ముక్కల మీద గదిలో వేయించి తర్వాత గోడకి అతికిస్తారు. ఆ గుడ్డ, ఆ జిగురు ఇక్కడ వెతుక్కునే కంటే బోర్డు తేలిక.

గోడ మీద అక్షరాలు వద్దు. ఏ లిపిలో రాయాలన్న మాట ఒక్కసారి లేచిందంటే అది ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 దగ్గర్నుంచి మొదలై మీ ఆరు వారాలూ మింగేస్తుంది. నినాదాలూ వద్దు. సగం చీకటి సగం వెలుగు ఉన్న తలకాయ, తెగిన సంకెళ్ళు, పుర్రెలోంచి పూలు, ఇలాంటివి పెద్దవాళ్ళే తెచ్చి రుద్దుతారు. రోజూ ఆ దారిన పోయే పిల్లకి తన జబ్బే గోడంత పెద్దదై కనిపించాలా? ఎదురుగా చూసే పెద్ద పెద్ద కళ్ళు, ముఖాలు కూడా మానెయ్యండి. తనని ఎవరో గమనిస్తున్నారన్న భయం నుంచి తేరుకుంటున్న అబ్బాయి ఉన్నాడు కదా.

వారానికి రెండు రోజుల చొప్పున పన్నెండు సెషన్లు. మంగళ, శనివారాలు బాగుంటాయి. లక్ష్మివారం పెట్టకండి. మార్గశిరంలో ఒడియా ఇళ్ళలో మాణబసా, మన ఇళ్ళలో లక్ష్మీపూజ, ఆడపిల్లలు తెల్లారకముందే లేచి ఝోటో ముగ్గో పెట్టి అలిసిపోయి ఉంటారు. పొద్దున్న సెషన్ కూడా వద్దు. రాత్రి వేసుకునే మందుల మత్తు చాలామందికి పది దాకా వదలదు. డిసెంబరులో అయిదుంబావుకల్లా పొద్దు గూకుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర సరైన వేళ. పడమటి గోడైతే టార్పాలిన్ పందిరి తప్పదు. సైకోసిస్ మందుల్లో కొన్నిటికి ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. చేతులు బిగుసుకుపోకుండా ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ లాంటి మందులతో చెమట సరిగా పట్టదు, ఒళ్ళు వేడెక్కుతుంది. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడే పిల్లలకి నీళ్ళు తగ్గితే రక్తంలో ఆ మందు పెరుగుతుంది. ప్రతి అరగంటకీ అందరితో పాటు వాళ్ళూ నీళ్ళు తాగాలి. వాంతులు, విరేచనాలు, చేతులు ఎప్పటికంటే గట్టిగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని మజ్జిగిచ్చి ఇంటికి పంపకండి, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎవరు ఏ మందు వాడుతున్నారో మీకు తెలియనక్కర్లేదు. ఎవరికి ఎండ పడదు, ఎవరికి చెయ్యి వణుకుతుంది, ఎవరికి ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది, ఈ మూడూ కౌన్సెలరమ్మ వాళ్ళని అడిగి మీకు చెప్తే చాలు.

మొదటి మూడు సెషన్లు గదిలోనే, అటు పెయింటర్ గోడ తయారుచేస్తుంటాడు. మొదటి రోజు నేల మీద పెద్ద గోధుమరంగు కాగితం పరిచి రోలర్లతో ఊరికే రంగు పూయించండి. బొమ్మ వెయ్యమని అడగొద్దు, "నాకు రాదు" అన్న మాట అక్కడే పుడుతుంది. రెండో రోజు ఎవరి పెట్టె వాళ్ళు అసలు కొలతలోనే కాగితం మీద. మూడో రోజు రంగుల ఎంపిక. ఏడు రంగులకి మించనివ్వకండి. ముప్ఫై డబ్బాల ముందు నిలబెడితే డిప్రెషన్‌లో ఉన్న పిల్ల ఏదీ తేల్చుకోలేక కుంచె కింద పెట్టేస్తుంది. గోడ మీదికి గీత ఎక్కించడానికి ఖాకా పద్ధతి మంచిది. కాగితం మీది గీతల వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, గోడకి ఆనించి, పల్చని గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో తట్టాలి. కాగితం తీసేస్తే చుక్కల బొమ్మ ఉంటుంది. గీయడం రాదనుకునేవాళ్ళకి ఆ క్షణం బాగుంటుంది. పైగా చుక్కలు కలపడం ముగ్గు తెలిసిన ప్రతి పిల్లకీ వచ్చు.

చెయ్యి వణికేవాళ్ళకి సన్న కుంచె ఇవ్వకండి. రెండంగుళాల చదును కుంచె లేదా చిన్న రోలర్ ఇచ్చి పెద్ద పూతలు చేయించండి. గీత కావాలంటే మూడడుగుల వెదురు కర్ర కొసకి గుడ్డ ఉండ కట్టి, ఆ ఉండ గోడకి ఆనించి, కర్ర మీద మణికట్టు పెట్టుకుని గియ్యమనండి. వణుకు సగానికి సగం కనబడదు. బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్లు చేసేది అదే, రోగులకని ప్రత్యేకంగా తెచ్చింది కాదని వాళ్ళకీ చెప్పండి. ఇంకొక్క మాట, టీచర్లందరికీ ఉండే అలవాటు గురించి. చేయి పట్టుకుని దిద్దకండి. వాళ్ళు వెళ్ళాక మీరు ఒంటరిగా నిలబడి అంచులు సరిచెయ్యకండి. మర్నాడు వాళ్ళు కనిపెట్టేస్తారు.

మానియా (బైపోలార్‌లో వచ్చే అతి హుషారు) వైపు జారుతున్న పిల్లవాడు మొదట్లో మీకు బంగారంలా కనిపిస్తాడు. అందరికంటే ముందొస్తాడు, రెండు పెట్టెలు గంటలో వేసేస్తాడు, గోడ చాల్లేదు ఇంకో వీధి వేద్దామంటాడు. పక్కవాడి పెట్టెలోకి రంగు పోయినప్పుడు మీరు మేలుకుంటారు. "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు బాబూ" అని ప్రతి సెషన్ మొదట్లో అందరినీ అడగడం అలవాటు చెయ్యండి. వరసగా రెండు రాత్రులు మూడు గంటలే పడుకున్నా అలుపు లేదంటే ఆ రోజే కౌన్సెలరమ్మకి చెప్పాలి. అతిగా దిద్దుకునేవాళ్ళకి టైమర్ పెట్టండి. ఒక చోటుకి రెండు పూతలు, ఇరవై నిమిషాలు, తర్వాత కుంచె కడగడమే.

బ్లేడు, కట్టరు, స్క్రేపర్, సూది లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి, మీ సంచీలోనే ఉంచుకోండి. ఖాకా చిల్లులు మీ కళ్ళెదుటే పొడవాలి. ఎనామెల్ రంగులు, థిన్నర్, టర్పెంటైన్ అసలు తేవద్దు. వాసన తలనొప్పి ఒక్కటే కాదు, పీల్చే అలవాటు ఉన్న పిల్లవాడి ముందు థిన్నర్ డబ్బా పెట్టకూడదు. నీళ్ళతో కలిపే రంగులైతే సబ్బునీళ్ళు చాలు. ఇంకోటి, పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు పదిహేను సేకరించి అందరికీ ఒకేలా ఇవ్వండి. రంగు పనికి చేతులు మడవమంటే ముంజేతి మీద పాత కోతల మచ్చలున్న పిల్ల ఆ రోజు నుంచి రాదు, ఎందుకు రాలేదో మీకు తెలియదు.

ఎవరైనా ఉరితాడో, చావో వేస్తే దాని మీద గబగబా తెల్లరంగు పూసెయ్యకండి, అందరి ముందూ ప్రశ్నించకండి. కౌన్సెలరమ్మ పక్కకి పిలిచి సూటిగా అడగాలి, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకి చూపించాలి, ఇంట్లోవాళ్ళకి అప్పగించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలి మానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ఆ నంబరు గోడ దగ్గర కాకుండా ప్రతి పిల్ల ఫోన్లో ఉండాలి.

వీధి సంగతి. మొదటి నాలుగు రోజులు టార్పాలిన్ పరదా కట్టుకోండి. తర్వాత తియ్యాలా వద్దా అన్నది పిల్లలే తేలుస్తారు. ఎవరో ఒకరు ఆగి "ఏటిది, పిచ్చాసుపత్రి పిల్లలా?" అని అడుగుతారు. జవాబు ముందే అనుకుని ఉంచుకోండి: "కుర్రాళ్ళం, గోడకి బొమ్మేస్తన్నాం" అంటే చాలు. అది అబద్ధం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం పొందుతున్న మనిషి ఫోటో గానీ వివరం గానీ ఆ మనిషి అనుమతి లేకుండా పత్రికలకీ టీవీలకీ ఇవ్వకూడదు. 18 లోపు వాళ్ళకి ఇంటి పెద్దల సంతకం కావాలి, దానితో పాటు ఆ పిల్ల మనస్ఫూర్తిగా సరేననాలి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఇవ్వకండి. ప్రారంభం రోజున యూట్యూబ్ వాళ్ళు, ఫేస్‌బుక్ లైవ్ పెట్టే నాయకులు వస్తే గోడని తియ్యనివ్వండి, పిల్లల్ని వెనకనుంచి కూడా తియ్యనివ్వకండి. చిన్న ఊళ్ళో జడ చూసి పోలుస్తారు. శాలువాలు, "మానసిక రోగుల ప్రతిభ" అన్న ఫ్లెక్సీ ఉంటే ప్రారంభమే వద్దనండి.

గోడ యజమాని దగ్గర, మున్సిపాలిటీ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. అందులో రెండేళ్ళ వరకు సున్నం వెయ్యకూడదని, ఎన్నికల రాతలు రాయకూడదని, తప్పనిసరై చెరపాల్సొస్తే నెల ముందు చెప్పాలని రాయించండి.

ఆఖరి పూత ఆరిన వారానికి, పొడిగా ఉన్న రోజు పదకొండింటి తర్వాత క్లియర్ కోట్ (బొమ్మని కాపాడే రంగులేని పూత) వేయించండి. మంచు కురిసే పొద్దున్న వేస్తే పాలలా తెల్లబడి బొమ్మంతా మసకేస్తుంది. ముందు జాజుపట్టీ మూల జానెడు చోట వేసి, మర్నాడు చూసి, అప్పుడు మిగతాది. మిగిలిన రంగులు చిన్న డబ్బాల్లో పోసి, మూత మీద ఆ రంగే ఒక చుక్క పెట్టి, "ఆకాశం", "మూడో పెట్టె తలుపు" అని రాసి కౌన్సెలరమ్మ బీరువాలో పెట్టించండి. వచ్చే నవంబరులో ఆ జాజుపట్టీ ఎలాగూ పుయ్యాలి. అప్పటికి ఎవరు వస్తామంటే వాళ్ళని పిలవండి.